ఎలా గెలిచావురా, నాన్నా?

తొక్కుడు బిళ్ల ఆడకుండా పెరిగిన ఆడపిల్ల మన గోదావరి జిల్లాల్లో ఒకప్పుడు ఉండేది కాదు. గీత తొక్కేసి ‘నేను తొక్కలేదు’ అని బుకాయించిన పిల్లని మిగతావాళ్ళంతా చుట్టుముట్టి ‘తొండి! తొండి!’ అని గోల పెట్టేవారు. అంతే, తీర్పు అయిపోయేది! మళ్ళీ మళ్ళీ తొండి చేసే పిల్లని మర్నాటి నుంచి ఆటలోకి రానిచ్చేవారు కాదు. అంపైరు లేడు, రూల్సు పుస్తకం లేదు. అయినా ఆట సజావుగా సాగిపోయేది. ఎందుకంటే సుద్దముక్కతో గీసిన గీత అందరికీ కనిపించేది. ఆ గీత మీద పడ్డ పాదమూ అందరికీ కనిపించేది.

ఇప్పుడు మన పిల్లలు ఆడుతున్న ఆటల్లో ఆ గీత కనిపించదు, పాదమూ కనిపించదు. ఆడేది మాత్రం మన పక్కనే, మన మంచం మీదే, చాలా ఇళ్ళల్లో అమ్మ ఫోన్లోనే! బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్, కంప్యూటర్ ఉన్న ఇళ్ళల్లో వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్... అన్నీ తుపాకీ ఆటలే. ఎక్కడెక్కడో ఉన్న పిల్లలంతా ఒకే మైదానంలోకి దిగి ఒకరినొకరు కాల్చుకుంటారు. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ లాంటివాటిల్లో చివరిదాకా మిగిలినవాళ్ళదే గెలుపు.

ఈ ఆటల గురించి ఏ నలుగురు తల్లులు కలిసినా వినిపించే మాట ఒకటే. ‘‘ఎంతసేపూ ఆ ఫోనేనండీ! అన్నానికి పిలిస్తే పలకడు’’ అని. నిజమే, ఆ ఫిర్యాదులో తప్పేమీ లేదు. ఇక చాలించమని చెప్పాల్సిందే. కానీ గడియారం చూసి మందలించడంతో మన బాధ్యత తీరిపోయిందనుకుంటున్నాం. గంటే ఆడాడు గదా అని ఊరుకున్న రోజున, ఆ గంటలో వాడు ఏం చేసి గెలిచాడో అడుగుతున్నామా? ‘‘ఎంతసేపు ఆడావు?’’ అన్న ప్రశ్న పక్కనే ‘‘ఎలా గెలిచావు?’’ అన్న ప్రశ్న కూడా వెయ్యాలి. ఎందుకో చెప్తాను.

వేళ్ళ సందుల్లోంచి...

దాగుడుమూతలు గుర్తు తెచ్చుకోండి. దొంగైన పిల్ల కళ్ళని ఇంట్లో ఏ అమ్మమ్మో రెండు చేతులతో మూసేది. ఈలోగా మిగతావాళ్ళు గాదె వెనకాలా, తలుపు చాటునా దాక్కునేవారు. అమ్మమ్మ వేళ్ళ సందుల్లోంచి దొంగ చూసేస్తే? ఇక వెతకడమన్నదే ఉండదు. తిన్నగా వెళ్ళి పట్టుకోవడమే!

ఫోను ఆటల్లో జరిగే తొండి సరిగ్గా ఇలాంటిదే. ఆట నడిపే కంపెనీ కంప్యూటర్ ఎక్కడో ఉంటుంది. మైదానంలో మీ అబ్బాయికి దగ్గర్లో ఎవరెవరు ఉన్నారో అది ఎప్పటికప్పుడు మీ ఫోనుకి చెబుతూ ఉంటుంది. గోడ మలుపు తిరగ్గానే అవతలివాడు తడుముకోకుండా తెర మీద కనిపించాలంటే, ఆ సమాచారం ముందే ఫోన్లోకి వచ్చి ఉండాలి మరి! అంటే గోడ వెనకాల ఎవరున్నారో ఫోనుకి తెలుసు. ఆడేవాడికి మాత్రం చూపించదు. ఫోనుకి తెలిసిన ఆ రహస్యాన్ని దొంగతనంగా చదివి తెర మీద గీసి చూపించే ప్రోగ్రామునే వాల్ హ్యాక్ అంటారు. అది పెట్టుకున్నవాడికి గోడలు గోడలు కావు, గాజు పలకలు!

ఇంకో రకం ఎయిమ్ బాట్. వేలు ఎటు ఉన్నా తుపాకీ గురి తనంతట తానే వెళ్ళి శత్రువు తల మీద నిలుస్తుంది. తుపాకీ పేలినప్పుడు చెయ్యి అదురుతుంది గదా, ఆ అదురు లేకుండా చేసేది మరొకటి. పరుగు వేగం పెంచేది ఇంకొకటి. శకుని పాచికలు గుర్తుకొస్తున్నాయి కదూ! శకునికైనా పాచికలు చేత్తో విసరాల్సిన శ్రమ ఉండేది.

‘మావాడికి అంత తెలివెక్కడిదండీ’ అనుకుంటున్నారేమో! వీటిని వాడడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు. డబ్బు చాలు. అమ్మేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు.

ఇదొక వ్యాపారం

అవును, తొండిని తయారుచేసి అమ్మడం ఇప్పుడు పెద్ద వ్యాపారం. ఒక్కసారి కొనిపడేస్తే అయిపోయే సరుకు కాదిది. రోజుకింత, వారానికింత, నెలకింత అని కేబుల్ బిల్లులా కడుతూ ఉండాలి. 2021లో చైనాలోని కున్‌షాన్ పోలీసులు, టెన్సెంట్ కంపెనీ కలిసి ఇలాంటి ఒక ముఠా గుట్టు రట్టు చేశారు. పదిమందిని అరెస్టు చేసి, దాదాపు 4 కోట్ల 60 లక్షల డాలర్ల ఆస్తులు పట్టుకున్నారు. అందులో ఖరీదైన కార్లు బోలెడు! ఆ సొమ్మంతా ఎక్కడిది? ఆటలో గెలవాలని ఉబలాటపడ్డ పిల్లల జేబుల్లోంచి కొంచెం కొంచెంగా పోగైనదే. దక్షిణ కొరియావాళ్ళు దీన్ని ఎంత తీవ్రంగా తీసుకున్నారంటే, ఇలాంటి ప్రోగ్రాములు తయారుచేసినా, పంచినా అయిదేళ్ళ దాకా జైలు పడేలా చట్టమే చేసుకున్నారు. 2017 నుంచి అది అమల్లో ఉంది.

డబ్బు పెట్టి కొన్నది సరే, ఉచితంగా వచ్చేవాటి సంగతి ఇంకా ప్రమాదం. కాల్ ఆఫ్ డ్యూటీ ఆటని తయారుచేసే యాక్టివిజన్ కంపెనీ 2021లో ఒక హెచ్చరిక చేసింది. ‘తొండి ప్రోగ్రాము’ అనే ముసుగు వేసుకుని కంప్యూటర్లలోకి దొంగ సాఫ్ట్‌వేర్ చొరబడుతోందని. అది ఎంత సులువో చూడండి. మామూలు దొంగ తాళం పగలగొట్టాలి. ఇక్కడ తొండి ప్రోగ్రాము పనిచెయ్యాలంటే వైరస్ కాపలాని ఆపేయమని, అన్ని అనుమతులూ ఇచ్చేయమని సూచనల్లోనే రాస్తారు. కుర్రాడు తన చేత్తోనే తలుపు బార్లా తీస్తాడు!

ఇక్కడే కాస్త ఆగి మన ఇళ్ళ సంగతి చూద్దాం. కడియం, కడియపులంక, వీరవరం, బుర్రిలంక చుట్టుపక్కల నర్సరీల్లో పొద్దున్నే పనికి వెళ్ళి కవర్లలో మట్టి నింపే తల్లులు ఎంతమందో! ఇంట్లో ఉండేది ఒకే ఒక్క మంచి ఫోను. సాయంత్రం ఇంటికొచ్చాక అది పిల్లాడి చేతిలోకి వెళ్తుంది. ఆ ఫోన్లోనే కూలి డబ్బులు పడతాయి. డ్వాక్రా వాయిదా మెసేజీలు వస్తాయి. బ్యాంకు ఓటీపీలు వస్తాయి. ప్లే స్టోర్లో దొరకని ఏదో ఫైలు టెలిగ్రామ్ గుంపులోంచి దింపుకుని, అది అడిగిన ప్రతిదానికీ ‘సరే’ నొక్కేస్తే ఏమవుతుంది? తెర మీద ఏం కనిపిస్తోందో, ఏ మెసేజీ వచ్చిందో మరొకడు కూర్చుని చదివే వీలు కలుగుతుంది. పిల్లాడు గోడ వెనకాల శత్రువుని చూస్తున్నాననుకుంటాడు. వాడి వెనకాల నిలబడి అమ్మ బ్యాంకు ఖాతాని చూసేవాడు వాడికి కనిపించడు.

కాపలావాడు ఏం చెయ్యగలడు?

‘మరి కంపెనీలు చూస్తూ ఊరుకుంటాయా?’ అని మీరడగొచ్చు. ఊరుకోవు. తొండివాళ్ళు ఎక్కువైతే మంచి ఆటగాళ్ళు ఆటే మానేస్తారు గదా! అందుకే ప్రతి ఆటకీ ఒక కాపలా ప్రోగ్రాము ఉంటుంది. వాల్వ్ అనే కంపెనీ 2002లోనే తన ఆటలకి అలాంటిది పెట్టింది.

ఈ కాపలా పనితీరు మనకి తెలిసిన పద్ధతే. తూనికలు కొలతల శాఖవాళ్ళు కొట్టుకొచ్చి రాళ్ళ మీద ముద్ర ఉందో లేదో చూస్తారు. అలాగే కాపలా ప్రోగ్రాము ఆట ఫైళ్ళని ఎవరైనా మార్చారేమో చూస్తుంది. ఆట నడుస్తుండగా పక్కన అనుమానం వచ్చే ప్రోగ్రాము ఇంకేదైనా నడుస్తోందేమో చూస్తుంది. మనిషి చెయ్యి చెయ్యలేనంత వేగంగా, ఒక్క గుండూ తప్పకుండా కొడుతున్నాడేమో లెక్క వేస్తుంది. తోటి ఆటగాళ్ళు ఫిర్యాదు చేస్తే ఆ ఆటని మళ్ళీ వేసి చూసుకుంటారు. కొన్నిసార్లు దొరికిన దొంగని వెంటనే పట్టుకోరు. కొన్నాళ్ళు ఆగి వేలమందిని ఒకేసారి వెళ్ళగొడతారు. ఏ పొరపాటు వల్ల దొరికిపోయామో ఆ ప్రోగ్రాము చేసినవాడికి తెలియకూడదని ఈ ఎత్తు! కొత్తగా వచ్చిన ఉపాయం మరీ బాగుంది. శత్రువు కనబడబోయే క్షణం దాకా వాడి జాడని ఆడేవాడి కంప్యూటర్‌కి అసలు పంపనే పంపరు. అమ్మమ్మ వేళ్ళు దగ్గరగా బిగించినట్టన్నమాట!

మన దేశంలో లెక్క చూడండి. బీజీఎంఐ 2021 జులై 2న విడుదలైంది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి నవంబరు 10 వరకు, అంటే సుమారు నలభై రోజుల్లో, 25,19,692 ఖాతాలని శాశ్వతంగా నిషేధించామని క్రాఫ్టన్ కంపెనీ ప్రకటించింది. పాతిక లక్షలండీ! ఖాతా పోతే ఇంకో పేరుతో మళ్ళీ వస్తున్నారని డిసెంబరు 24 నుంచి ఫోన్‌నే నిషేధించడం మొదలుపెట్టారు. అంటే కొడుకు చేసిన తొండికి అమ్మ ఫోను మీద మచ్చ పడుతుంది. అదే ఫోన్లో చెల్లెలు ఆడుకుందామన్నా ఆట తెరుచుకోదు.

అయితే కాపలా గట్టిపడేకొద్దీ కాపలావాడికి ఇంట్లో చనువూ పెరుగుతుంది. 2020లో వచ్చిన వాలరెంట్ ఆటకి వాన్‌గార్డ్ అనే కాపలా ఉంది. ఆట మొదలుపెట్టినా పెట్టకపోయినా, కంప్యూటర్ ఆన్ చెయ్యగానే అది మేలుకుంటుంది. కంప్యూటర్‌కి గుండెకాయ లాంటి చోట కూర్చుని అన్నీ గమనిస్తుంది. ‘వీధి గుమ్మంలో ఉండాల్సిన కాపలావాడు పడగ్గదిలోకి రావడమేమిటి?’ అని ప్రపంచవ్యాప్తంగా చాలామంది ఆటగాళ్ళు అభ్యంతరం చెప్పారు. ‘దొంగలు పడగ్గదిలోకి వస్తున్నారు గనక మేమూ వచ్చాం’ అన్నట్టుంది కంపెనీ జవాబు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కానీ ఒకటి మాత్రం నిజం. పాతిక లక్షల ఖాతాలని వెళ్ళగొట్టిన కాపలా కూడా ఒక్క కుర్రాడికైనా సిగ్గు నేర్పలేదు. పట్టుకోవడం వరకే దాని పని.

నింద పడ్డ పిల్ల

‘ఆటే గదండీ, ఎవరి కొంప ముంచాడని?’ అనేవాళ్ళున్నారు. కొంప మునిగిన ఒక ఆడపిల్ల సంగతి చెప్తాను.

దక్షిణ కొరియాలో కిమ్ సే-యన్ అనే అమ్మాయి ఉంది. ఆటలో ఆమె పేరు గెగురి. 2016లో ఆమెకి పదిహేడేళ్ళు. ఓవర్‌వాచ్ అనే ఆటలో ఆమె గురి ఎంత బాగా కుదిరేదంటే, ఓడిపోయిన జట్టువాళ్ళు ‘ఇది ఎయిమ్ బాటే, తొండి!’ అని యాగీ చేశారు. ఆ పిల్ల తొండి చెయ్యలేదని తేలితే మేం ఆడడమే మానేస్తామని ఇద్దరు ఆటగాళ్ళు శపథం కూడా పట్టారు. కంపెనీవాళ్ళు పరీక్షించి ఆమె తప్పేమీ లేదన్నారు. అయినా నోళ్ళు మూతపడలేదు. చివరికి పాపం ఆ పిల్ల ముఖానికి మాస్కు కట్టుకుని స్టూడియోకి వెళ్ళి, తన చేతుల మీద కెమెరా పెట్టించుకుని, అందరూ చూస్తుండగా ఆడి చూపించింది. గురి మళ్ళీ అలాగే కుదిరింది! ఆరోపించిన ఇద్దరూ తప్పుకున్నారు. రెండేళ్ళకి, 2018లో, ఆమె షాంఘై డ్రాగన్స్ జట్టులో చేరి ఓవర్‌వాచ్ లీగ్‌లో అడుగుపెట్టిన తొలి మహిళ అయింది.

కథ సుఖాంతమే. కానీ ఆలోచించండి... ఆడపిల్ల బాగా ఆడితే అగ్నిపరీక్ష ఎందుకు? అంత బాగా ఆడేవాళ్ళలో తొండివాళ్ళు ఎక్కువైపోయారు గనక మొదటి అనుమానం. ‘ఆడపిల్లకి అంత గురి ఎక్కడిది’ అని రెండో అనుమానం. మొదటిది తొండివాళ్ళు చేసిన పాపం, రెండోది లోకం చేసే పాపం. రెండూ కలిసి ఆ పిల్ల నెత్తిన పడ్డాయి. మన ఇంట్లో మగపిల్లాడు తొండితో గెలిచిన ప్రతిసారీ, ఎక్కడో న్యాయంగా గెలిచిన ఒక పిల్ల ‘నిజంగా నేనే గెలిచాను’ అని రుజువు చేసుకోవాల్సి వస్తోంది.

తొండి అన్నది పక్కవాడి మీదికి ఎంత తేలిగ్గా పాకుతుందో 2024 మార్చిలో అందరూ చూశారు. అపెక్స్ లెజెండ్స్ అనే ఆట ఉత్తర అమెరికా ఫైనల్స్ జరుగుతున్నాయి. వేలమంది చూస్తుండగానే ఎవరో హ్యాకరు ఇద్దరు పేరున్న ఆటగాళ్ళ కంప్యూటర్లలోకి తొండి ప్రోగ్రాములు తోసేశాడు. ఒకతనికి గోడల వెనక మనుషులు కనిపించడం మొదలైంది. ఇంకొకతని తుపాకీకి గురి దానంతటదే కుదరసాగింది. వాళ్ళు లబోదిబోమన్నారు. నిర్వాహకులు పోటీనే వాయిదా వేశారు.

పోయింది ఒక్కడిదేనా?

మన దేశపు కథ ఇంకా బాధాకరం. 2018 అక్టోబరులో చైనాలోని షాంఘైలో కౌంటర్ స్ట్రైక్ పోటీ జరిగింది. మన దేశం నుంచి ఆప్టిక్ ఇండియా అనే జట్టు వెళ్ళింది. అయిదుగురు కుర్రాళ్ళు, అమెరికా సంస్థ జీతాలు, అంతర్జాతీయ వేదిక. మన పిల్లలకి అలాంటి అవకాశం అప్పటికి చాలా అరుదు. ఆట మధ్యలో ‘ఫోర్సేకెన్’ అనే ఆటపేరున్న కుర్రాడి గురి మీద నిర్వాహకులకి అనుమానం వచ్చింది. వచ్చి కంప్యూటర్ చూస్తే తొండి ప్రోగ్రాము దొరికింది. ఏదో ఉత్తరాలు రాసుకునే ప్రోగ్రాములా కనిపించాలని దానికి ‘వర్డ్’ అని పేరు పెట్టుకున్నాడు! అతనికి అయిదేళ్ళ నిషేధం పడింది. సంస్థ జట్టుని రద్దు చేసేసింది. తొండి చేసింది ఒకడు, ఉద్యోగం పోయింది అయిదుగురికీ! ‘భారతీయ ఆటగాళ్ళా...’ అని కొన్నాళ్ళు లోకమంతా నవ్వింది.

ఆ కుర్రాడు అంతకుముందే ఒకసారి తొండి చేసి ఆరు నెలల నిషేధం అనుభవించినవాడు. మొదటిసారి పట్టుబడ్డప్పుడు ‘ఎందుకు చేశావు?’ అని కూర్చోబెట్టి అడిగినవాళ్ళెవరైనా ఉండి ఉంటే ఎంత బాగుండేది!

ఇప్పుడు ఈ ఆటలు మరీ చిన్న విషయం కాదు. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ని క్రీడల్లో భాగంగా గుర్తించింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా చూసింది. 2024 జూన్ చివర్లో మన హైదరాబాద్‌లోనే బీజీఎంఐ సిరీస్ ఫైనల్స్ జరిగాయి. బహుమతి మొత్తం 2 కోట్ల రూపాయలు. వేదిక మీద, న్యాయనిర్ణేతల ఎదురుగా, జనం మధ్యలో కూర్చుని ఆడాలి. ఇంట్లో మంచం మీద తొండితో పేరు తెచ్చుకున్నవాడు అక్కడ కూర్చుని ఏం ఆడతాడు? ఎయిమ్ బాట్ తీసేస్తే వాడి వేళ్ళకి ఏమీ రాదు గదా! మూడేళ్ళు ఆడినా నేర్చుకున్నది సున్నా.

మొదటి తొండి ఎవరిది?

పిల్లల్ని అనేముందు పెద్దలం మన వైపు కూడా ఒకసారి చూసుకోవాలి. 2021లో బీజీఎంఐ వచ్చినప్పుడే కొన్ని నిబంధనలు పెట్టారు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు తల్లిదండ్రుల ఫోనుకి వచ్చే ఓటీపీతో అనుమతి తీసుకోవాలి. రోజుకి మూడు గంటలకి మించి ఆడకూడదు. 2023 మేలో ఆట తిరిగి వచ్చినప్పుడూ పిల్లలకి ఆ మూడు గంటల హద్దు ఉంచారు. చెప్పుకోవడానికి బాగానే ఉంది. కానీ ఇంట్లో జరిగేదేమిటి? వంటింట్లో పోపు మాడిపోతున్న హడావిడిలో ‘‘అమ్మా, నీ ఫోనుకో నంబరొచ్చింది, చెప్పవా’’ అంటే ఎందుకని అడగకుండా చెప్పేసే తల్లులున్నారు. వయసు దగ్గర ‘పద్దెనిమిది దాటింది’ అని నొక్కితే ‘పోనీలే, వాడి గోల వదులుతుంది’ అనుకునే తండ్రులున్నారు. అలా కుర్రాడు ఆటలోకి అడుగుపెట్టడమే ఒక అబద్ధంతో. ఆ అబద్ధానికి సాక్షి సంతకం ఇంట్లోవాళ్ళది!

అది కూడా అక్కడ మొదలైంది కాదు. బస్సెక్కి ‘‘కండక్టరు అడిగితే అయిదేళ్ళు నిండలేదని చెప్పు’’ అని పిల్లాడి చెవిలో ఊదిన రోజున మొదలైంది. పరీక్షకి ముందురోజు ‘‘ఇంపార్టెంట్ బిట్లు ఎవరి దగ్గరైనా దొరుకుతాయేమో చూడరా’’ అన్న రోజున పెరిగింది. ‘‘ఎన్ని మార్కులొచ్చాయి?’’ అని తప్ప ‘‘ఏం నేర్చుకున్నావు?’’ అని అడగని ఇంట్లో, ‘గెలుపొక్కటే లెక్క’ అని పిల్లాడు అనుకుంటే ఆశ్చర్యమేముంది?

అలాగని ఆటనే మాన్పించేస్తే సరిపోతుందా? ఆ ముచ్చటా తీరింది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీతో కలిపి 118 యాప్‌లని నిషేధించింది. అప్పుడు అమ్మలంతా ఊపిరి పీల్చుకున్నారు. పది నెలలు తిరిగేసరికి అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ని నిషేధిస్తే ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మిగిలింది. ఆటలు వస్తూ పోతూ ఉంటాయి. ఒక ఆటలో అలవాటైన తొండి మాత్రం పిల్లాడితోపాటు తర్వాతి ఆటలోకీ, ఆ తర్వాత ఉద్యోగంలోకీ, సంసారంలోకీ వస్తుంది.

అంటు మొక్క నేర్పే పాఠం

కడియం మొక్కలకి దేశమంతటా పేరుంది. పల్ల వెంకన్న గారి లాంటి పెద్దలు, పేరు తెలియని వేలమంది కూలీలు కలిసి సంపాదించిన పేరది. ఎక్కడెక్కడి నుంచో లారీలు వచ్చి మొక్కలు ఎత్తుకుని వెళ్తాయి. అందులో ఉన్న కిటుకు గమనించారా? మామిడి అంటు కొనేవాడికి ఆకు చూస్తే అది బంగినపల్లో, సువర్ణరేఖో చెప్పడం రాదు. ‘‘ఆయ్! బంగినపల్లేనండీ’’ అన్న మాట నమ్మి కొంటాడు. మూడు నాలుగేళ్ళు నీళ్ళు పోసి పెంచి, కాపు వచ్చాక గాని అసలు సంగతి బయటపడదు. అప్పటికి అమ్మినవాడెక్కడో, కొన్నవాడెక్కడో!

అంటే టెంక మొక్కని అంటు అని చెప్పి అమ్మినా ఆ రోజుకి పట్టుకునేవాడు లేడు. అయినా ఈ వ్యాపారం తరాలుగా నిలబడింది. ఎందుకంటే ఒక్కడు మోసం చేస్తే, నాలుగేళ్ళ తర్వాత ఏ ఊళ్ళోనో ఒక రైతు ‘‘కడియం మొక్క ఇంతే’’ అంటాడు. ఫలానా నర్సరీ అనడు, కడియం అంటాడు! ఆ మాటతో న్యాయంగా అంటు కట్టే ఆడవాళ్ళ చేతిపని కూడా అనుమానం పాలవుతుంది. గెగురి మీద పడ్డ నింద లాంటిదే ఇదీను. తొండి చేసేవాడు ఒక ఆట గెలిచి పోతాడు. వాడి వెనక మిగిలిన వాళ్ళందరి గెలుపుకీ విలువ పడిపోతుంది.

ఈ సంగతి మన పిల్లలకి కంపెనీవాళ్ళు చెప్పరు. కాపలా ప్రోగ్రాము చెప్పదు. చెప్పాల్సింది ఇంట్లోవాళ్ళే, అమ్మా నాన్నా ఇద్దరూనూ. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ప్లే స్టోర్ బయట నుంచి ఏ ఫైలూ దింపకూడదని గట్టిగా చెప్పండి. ఓటీపీ అడిగితే ‘‘ఎందుకు?’’ అని అడగండి. డబ్బులున్న ఫోనూ, ఆటల ఫోనూ వేరుగా ఉంచగలిగితే మరీ మంచిది. తొండి చేశాడని తెలిస్తే ఫోను నేలకేసి కొట్టకండి. అవతల ఓడిపోయినవాడు కూడా ఇలాంటి ఇంట్లోనే, ఇలాంటి మంచం మీదే కూర్చుని ఆడుతున్న పిల్లాడని చెప్పండి. మీ అమ్మాయి ఆడుతుంటే ‘ఆడపిల్లకి తుపాకీలాటలేమిటి’ అనకుండా ఆమెనీ ఇవే ప్రశ్నలు అడగండి.

అన్నం తినేటప్పుడు ఒక్కసారి ‘‘ఎలా గెలిచావురా, నాన్నా?’’ అని అడిగి చూడండి. న్యాయంగా గెలిచినవాడికి చెప్పడానికి బోలెడంత కథ ఉంటుంది. ఎక్కడ దాక్కున్నాడో, ఎన్నిసార్లు గురి తప్పిందో, తోటివాడు ఎలా కాపాడాడో... ముద్ద చేతిలోనే ఆరిపోతున్నా చెబుతూనే ఉంటాడు. మీకు సగం అర్థం కాకపోయినా వినండి. తొండితో గెలిచినవాడి దగ్గర కథ ఉండదు. ‘‘ఊరికే... గెలిచానంతే’’ అని కంచంలోకి చూస్తాడు.

ఆ తల దించుకోవడాన్ని ఏ కాపలా ప్రోగ్రామూ పట్టుకోలేదు. అమ్మ పట్టుకోగలదు. ఏమంటారు?